ఎండిన చెట్లుగా రాసిన ఇప్పలు

మార్చి, మంగళవారం

ధర పెంచుకోవడానికే బెట్టు చేస్తున్నానని ఊళ్లో అనుకుంటున్నారట. నేను ఒక్క రూపాయి కూడా ఎక్కువ అడగలేదు.

కొత్త రోడ్డు కింద పోయే నా తొమ్మిది ఇప్పచెట్లకు విలువ కట్టడానికి ఉదయం సర్వేయరు వచ్చాడు. ఆకు రాలిన కొమ్మలను చూసి, "ఇవన్నీ ఎండినయ్ కదమ్మా, కట్టెల రేటే వస్తది" అంటూ కాగితంలో అలాగే రాసి, సంతకానికి నా చేతికిచ్చాడు.

రాలబోయే పువ్వు కోసం చెట్ల కింద ఊడుస్తున్న ముత్తమ్మ నవ్వింది. "ఆకు రాలినంకనే పువ్వొస్తది సారూ. నాలుగు దినాలాగి రా, నీ నెత్తి మీదనే రాలుతది."

ఆమె తల్లి కూడా అక్కడే ఏరుకునేది. ఎండబెట్టిన ఆ పువ్వే వాళ్లకు వానాకాలపు తిండి. దాన్ని రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

"ఎండిన చెట్లకు ఏంది పంతం, సంతకం పెట్టత్తా" అని మేనల్లుడు విసుక్కున్నాడు. అర్థశాస్త్రం పేరుతో కాలేజీలో ముప్పై ఏళ్లు నేను బోధించిందీ అలాంటి గడులనే.

సంతకం కోసం మేనల్లుడు రేపు మళ్లీ వస్తాడు. ఆ కాగితం ఇక్కడ లేదు. దాని మీద "ఒప్పుకోను" అని రాసి, మధ్యాహ్నం బస్సులో దుమ్ముగూడెం వెళ్లి భూసేకరణ ఆఫీసుకు నేనే పోస్టు చేసి వచ్చాను.