మా మామయ్య నరం

మామయ్యకి,

మేనకోడలు నమస్కారాలతో రాసేది. నేను బాగానే ఉన్నానని మొదట రాయాలి కాబట్టి రాశాను. లేను.

పరీక్ష పోయింది మామయ్యా. వెనక గోడ దగ్గరే పోయింది. ముందు గోడ ఎలాగో గట్టెక్కించాను, వెనక గోడకి వచ్చేసరికి మొత్తం కుప్పకూలింది. అందులోని తీగల్లో ఏది ఎక్కడ బయల్దేరి ఎటు పోతుందో బుర్రకెక్కడం లేదు. "ఈ గోడ దగ్గరే కాపురం పెడతావా?" అని ప్రొఫెసరు అందరి ముందూ అడిగారు. ఆరు వారాల్లో అసలు పరీక్ష. అదీ పోతే చదువు మానేసి వచ్చేస్తాను. నీకు ఇటుకలు అందిస్తూ బతికేస్తాను.

అమ్మకి చెప్పకు. అత్తయ్యకి అసలే చెప్పకు. ఆవిడ చెవిన వేస్తే దండోరా వేయించినట్టే.

ఇట్లు,
కాబోయి, కాకుండా పోతున్న డాక్టరు

తా.క.: రోజూ సాయంత్రం దాకా ఆ చల్లటి గదిలో ముసలాయన పక్కనే ఉంటున్నాను. పాపం, నేనెన్ని తప్పులు చేసినా ఒక్క మాటనడు.

*

బంగారుతల్లికి మామయ్య దీవెనలు.

గోడ కూలిందని రాశావు. దెబ్బలేమీ తగల్లేదు కదా? డాక్టరు చదివే పిల్లల చేత గోడలు కట్టించడమేమిటి? ముప్పై ఏళ్ళుగా తాపీ పట్టిన ఇల్లు మనది. విను. గోడ కూలిందంటే ఇసుక ఎక్కువైందన్నమాట. తీగలకి గొట్టాలు ముందే వేసుకోవాలి, గోడ లేచాక వెతుక్కుంటే ఎవరికీ దొరకవు. ఈ ముక్క మీ ప్రొఫెసరుకి గట్టిగా చెప్పు.

చదువు మానేస్తానన్న మాట మళ్ళీ రాయకు. చిన్నప్పుడు ఒక్క ఇటుక మోసి రెండు రోజులు మంచమెక్కావు. నువ్వు ఇటుకలు అందిస్తే ఇల్లు లేచినట్టే!

మీ అత్తకి చెప్పలేదు. అయినా ఆవిడ నోరు నువ్వనుకున్నంత వదులేం కాదు.

ఇట్లు,
మామయ్య

తా.క.: మీ అత్త చేత ఉన్ని టోపీ అల్లించి పంపుతున్నాను, ముసలాయనకి ఇవ్వు. అంత చలిలో పెద్దాయన్ని ఉత్త తలతో ఉంచుతారా?

ఇంకో తా.క.: చెయ్యి బెణికింది. దస్తూరి వేరుగా ఉంటే కంగారు పడకు.

*

మామయ్యకి,

టోపీ అందింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ముసలాయన పోయి ఏడాదైంది. తన ఒళ్ళు పిల్లల చదువుకి పనికి రావాలని బతికుండగానే కాగితం రాసిచ్చిన మహానుభావుడు. టోపీ నేనే పెట్టుకొని చదువుతున్నాను.

గోడంటే పొట్ట వెనక గోడ మామయ్యా. పేగులూ గీగులూ పక్కకి తీస్తే వెన్నెముకకి అటూ ఇటూ కండలు కనిపిస్తాయి. నడుము దగ్గర నలుచదరంగా ఒకటి, తుంటి ఎముక లోపల విసనకర్రలా ఒకటి. వెన్ను నుంచి తొడ దాకా మోకులా దిగేదాన్ని సోయాస్ అంటారు. మెట్టెక్కేటప్పుడు కాలు లేపేది అదే. ఇంగ్లీషులో దాని పేరు ముందు 'పి' ఉంటుంది. ఉంటుందే గానీ నోరు విప్పదు.

నరాలన్నీ ఆ కండ చుట్టూరానే. ఒకటి దాన్ని పొడుచుకొని ముందుకొస్తుంది. ఒకటి లోపలి అంచు పక్కగా జారుకుంటుంది. ఇంకొకటి తుంటి ఎముక కొస పక్కన దూరి తొడ బయటి వైపు చర్మానికి పోతుంది. ఆ చివరిదే నాకు ఇంతవరకూ దొరకలేదు. ప్రతిసారీ కొవ్వు ముక్క పట్టుకొని ఇదే ఇదే అంటున్నాను.

ఇట్లు,
టోపీ పెట్టుకున్న మేనకోడలు

తా.క.: నీ సలహా ప్రొఫెసరుకి చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ ఉత్తరం ఇంటి నుంచే రాసేదాన్ని.

*

బంగారుతల్లికి మామయ్య దీవెనలు.

ఆ పెద్దాయన సంగతి చదివాను. తెలియక టోపీ పంపినందుకు నా తరఫున క్షమించమని చెప్పు.

నోరు విప్పని ఆ అక్షరం అచ్చం మీ మామయ్యే, అంటే నేనే అన్నమాట. రెండు నెలలుగా నా కుడి తొడకి బయటి వైపు, అరచేయంత మేర, కారం రాసినట్టు మంట. ప్యాంటు గుడ్డ తగిలితే ఉలిక్కిపడతాను. ఆ మంట మధ్యలోనేమో మొద్దుబారింది. ఎవరూ చూడడం లేదనుకొని దువ్వెనతో గీరుకుంటాను. ఎముకలు సరిచేసే ఒకాయన దగ్గరికి వెళితే వెన్నుపూస జారింది, ఆపరేషనే అని కాగితం రాసిచ్చాడు. అది జేబులో పెట్టుకొని తిరుగుతున్నాను. మెట్లు బాగానే ఎక్కుతాను, బరువూ మోస్తాను, బలం తగ్గలేదు. కానీ పరంజా మీద కాలు మొండికేస్తే ఏమవుతుందోనని భయం. మొన్న పనిముట్లన్నీ తుడిచి, ఎవరికైనా ఇచ్చేద్దామని వరసగా పేర్చాను.

నీ ఉత్తరంలో తొడ బయటి వైపు అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇది అదేనా? నిజం చెప్పు. కాలు పోతుందా?

ఇట్లు,
మామయ్య

తా.క.: ఈ మధ్యే బెత్తెడు వెడల్పు తోలు బెల్టు కొన్నాను. సుత్తి, ఉలి, తూకం గుండు అన్నీ దానికే. జారకుండా ఊపిరాడనంత బిగిస్తాను. అడిగితే ఠీవి అంటాను.

ఇంకో తా.క.: మీ అత్త లాంటి ఇల్లాలు దొరకడం నా అదృష్టమని ఎందుకో రాయాలనిపించింది.

*

మామయ్యా,

నమస్కారాలు తర్వాత. ముందు ఆ బెల్టు తీసెయ్.

నీ ఉత్తరం పట్టుకొని నేరుగా ముసలాయన దగ్గరికే పరుగెత్తాను. నువ్వు చెప్పిన చోటి నుంచి వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళాను. తుంటి ఎముక కొస దగ్గర, సరిగ్గా బెల్టు నొక్కే చోట, తెల్లగా, సన్నగా దొరికింది! అది చర్మానికి మాత్రమే పోయే నరం. దానికి ఒక్క కండ మీదా అజమాయిషీ లేదు. అందుకే మంటా, మొద్దుబారడమూ ఉన్నాయి గానీ బలం తగ్గలేదు. నాకైతే బెల్టు దాన్ని నలిపేస్తోందని అనిపిస్తోంది.

కానీ నేనింకా డాక్టర్ని కాను. గోడ దగ్గర ఓడిపోయినదాన్ని. ఈ వారమే అసలైన డాక్టరుకి చూపించు. పనిముట్లు ఎవరికైనా ఇచ్చావో, నీతో మాట్లాడను.

ఇట్లు,
ఎట్టకేలకు నరం దొరికిన మేనకోడలు

తా.క.: అత్తయ్యకి చెప్పు మామయ్యా. ఆవిడ దగ్గర దాచి ఏం బావుకుంటావు?

*

బంగారుతల్లికి మామయ్య దీవెనలు.

బెల్టు తీసేయడం జరిగింది. మర్నాడే పరంజా మీద ఇటుక అందుకోబోతే ప్యాంటు చీలమండల దాకా దిగింది. సరిగ్గా అప్పుడే ఆ ఇల్లు కట్టించుకుంటున్నావిడ కిటికీ ఎక్కడ పెట్టారో చూద్దామని తల పైకెత్తిందట. కిటికీ గురించి ఆవిడ మళ్ళీ అడగలేదు. ఇప్పుడు మీ అత్త కుట్టిన భుజం పట్టీలతో పనికి వెళుతున్నాను. పనిముట్లు సంచిలో వేసుకుంటున్నాను.

డాక్టరు తుంటి దగ్గర ఒక్క నొక్కు నొక్కాడు. నేను బల్ల మీంచి జానెడు ఎగిరాను. వెన్ను గట్టిగా ఉంది, ఆపరేషనూ వద్దు, బెల్టూ వద్దన్నాడు. మూడు వారాలకి మంట సగానికి తగ్గింది. పనిముట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

నువ్వు మా ఇంటిని నిలబెట్టావు తల్లీ. ఇక ఆ గోడ సంగతి చూడు.

ఇట్లు,
మామయ్య

తా.క.: మీ అత్తకి అంతా తెలుసు. ఎలా తెలిసిందని అడక్కు.

*

మామయ్యకి,

పాసయ్యాను! పాసయ్యాను! పాసయ్యాను!

చీటీ తీస్తే వెనక గోడే వచ్చింది. పరీక్ష చేయడానికొచ్చిన పెద్దావిడ ఒక నరం చూపించి, "ఇదేమిటమ్మా?" అన్నారు. కంగారులో పేరు రాలేదు. "ఇది మా మామయ్య నరమండీ" అనేశాను. మా ప్రొఫెసరు తల పట్టుకున్నారు. ఆవిడ మాత్రం కుర్చీ లాక్కొని, "అయితే మీ మామయ్య కథ చెప్పు" అన్నారు. నీ మంట, బెల్టు, జేబులో కాగితం, ప్యాంటు జారడంతో సహా చెప్పేశాను. చెబుతుంటే నరం పేరూ వచ్చింది, మిగతా నరాల దారులూ వచ్చాయి. నూటికి డెబ్బై ఒకటి!

సాయంత్రం వెళ్ళి ముసలాయన పక్కన టోపీ తీసి నిలబడ్డాను.

నీ ఉత్తరాలే లేకపోతే ఎప్పుడో మూట సర్దేసేదాన్ని మామయ్యా.

ఇట్లు,
డాక్టరయ్యే తీరుతున్న మేనకోడలు

తా.క.: కంగారులో 'పి'ని గట్టిగా పలికేశాను. ఒక మార్కు దానికే పోయుంటుంది.

*

ఒసే మేనకోడలా,

నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే.

ఇవాళ పని లేక గుమ్మంలో కూర్చుంటే పోస్టుమాన్ నీ ఉత్తరం నా చేతిలో పెట్టాడు. మూడుసార్లు చదివాను. నా నరం ఏమిటి, నా ఉత్తరాలేమిటి? నా ప్యాంటు సంగతి అంతమంది డాక్టర్ల దాకా ఎలా వెళ్ళింది?

మీ అత్తని అడిగితే ఒక డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. అందులో నీ ఉత్తరాలన్నీ, తను రాసిన జవాబుల చిత్తు కాగితాలూ ఉన్నాయి. మొదటిది నేను పనిలో ఉండగా వచ్చిందట. తెరిచాక, తనకి చెప్పొద్దని రాసిన సంగతి కనపడిందట. తన పేరుతో జవాబిస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావని నా పేరుతో రాసిందట. నా చెయ్యి బెణకలేదు. నిన్ను 'బంగారుతల్లీ' అని నేనెప్పుడు పిలిచాను? మీ అత్తని పొగిడినప్పుడైనా నీకు అనుమానం రావద్దూ?

నా బెల్టు కోసం వారం రోజులు ఇల్లంతా గాలించాను. బియ్యం డబ్బాలో పాతిపెట్టిందట! "నా మోకాలు చూపించుకోవాలి, తోడు రండి" అంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. లోపలికి వెళ్ళాక బల్ల ఎక్కింది నేను.

కోపమొచ్చింది. "నా పేరు పెట్టి రాయడమేంటే?" అని అరిచాను.

"రెండు నెలలు మీరు నాతో చెప్పలేదు, జేబులో కాగితమూ, దువ్వెనతో గీరుకోవడమూ చూసి తెలుసుకున్నాను. అందుకే మీరు చెప్పినట్టు నేనే రాసుకున్నాను" అంది.

డబ్బాలోవన్నీ కూర్చుని చదివాను. ఆ ఉత్తరాల్లోని మామయ్య నాకన్నా మంచివాడు. భయమేస్తే భయమని చెబుతాడు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. డబ్బా లోపల పెట్టడానికి లేస్తూ మీ అత్త గోడ పట్టుకుంది. మోకాలు సాకు కాదు, నిజంగానే నొప్పి. ఏడాదిగా మెట్లు ఒక్కొక్కటే దిగుతోందట. నేను చూడలేదు. నీ పుస్తకంలో మోకాలు ఎక్కడుందో చూసి, ఏ డాక్టరుకి చూపించాలో వెంటనే రాయి.

ఇట్లు,
అసలు మామయ్య

తా.క.: ఈ ఉత్తరం సంగతి మీ అత్తకి తెలియదు. జవాబు నా పనిచోటికే రాయి. కుడి మోకాలు అని గుర్తు పెట్టుకో.

ఇంకో తా.క.: ఎడమ మోకాలు. కవరు మీద నీ చిరునామా కూడా తప్పు రాశారు, సరిచేశాను. — అత్తయ్య