సంతకం పెట్టిన చెయ్యి

హిందూపురం,
నవంబరు 3

ప్రియమైన నాయనకు,

సౌమ్య రాసేది. ఫోను చేస్తే నీకు వినపడదు. అమ్మతో చెప్పిస్తే నీకు కష్టం కలిగించే మాటలన్నీ ఆమే మింగేస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పే ఉద్యోగం నాకు వచ్చింది. పోయిన శనివారం సెలవు పెట్టి ఇంటర్వ్యూకు వెళ్లొచ్చాను. నీకు చెప్పలేదు. జీతం ఇక్కడికి మూడింతలు. ఈ నెలాఖరులోగా చేరాలి.

బాండు సంగతి మరిచిపోలేదు. ట్రస్టు వాళ్లు డిగ్రీ, బీఈడీ కలిసిన నాలుగేళ్ల కోర్సు ఉచితంగా చదివించారు. బదులుగా ఐదేళ్లు వాళ్ల బడిలోనే పాఠాలు చెప్పాలి. ఏడాదిన్నర అయింది, ఇంకా మూడున్నరేళ్లు. పొద్దున బోర్డు మీద తేదీ వేస్తుంటే ఇంకెన్ని రోజులని మనసు గుంజుతోంది. ఒక చోట కూర్చోలేకపోతున్నాను, అన్నం సహించడం లేదు.

ఆ కాగితం రాసినప్పుడు నాకు పదిహేడేళ్లు. సంతకం పెట్టింది నువ్వు.

నీ బిడ్డ,
సౌమ్య

ధర్మవరం,
నవంబరు 9

చిరంజీవి సౌమ్యకు నాయన దీవించి రాయడమేమంటే,

నీ ఉత్తరం మగ్గం దగ్గరే చదివాను. ఆ పూట చీర ముందుకు సాగలేదు. మీ అమ్మ ఏమైందని సైగ చేసి అడిగితే, పోగు తెగిందని చెప్పాను.

ఎదురింటి సిద్దమ్మ కూతురు రాధ ఇంటరు అయిపోతోంది కదా. ఆ పిల్లా అదే ట్రస్టు సీటుకు దరఖాస్తు పెట్టింది. ట్రస్టు తరఫున వివరాలు రాసుకోవడానికి వచ్చినాయన నా చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాడు: “మీ వీధి బిడ్డ మధ్యలో ఎళ్లిపోయిందంటే, ఇంగ ఈ వీధికి సీటు ఇచ్చేది కష్టమప్పా.” సిద్దమ్మ పక్కనే నిలబడి వింది. అప్పటినుంచి రోజూ వచ్చి నీ గురించి అడుగుతోంది.

షెడ్డులో పవర్‌లూముల మధ్య ఇరవై ఏళ్లు పనిచేసి చెవులు పోగొట్టుకున్నవాణ్ణి. ఇష్టం లేని పని ఎట్లుంటుందో నాకు తెలుసు. అయినా మాట ఇచ్చాం. ఐదేళ్లు ఉండు.

నీ క్షేమం కోరే,
కుళ్ళాయప్ప

హిందూపురం,
నవంబరు 16

నాయనకు,

రాధ సీటు కోసం నేను మూడున్నరేళ్లు తాకట్టు ఉండాలా?

నన్ను పెనుకొండలో ఎవరో చూశారట. నిన్న పదో తరగతిలో కుళ్ళాయమ్మ అనే అమ్మాయి, క్లాసంతా వింటుండగా లేచి అడిగింది: “మేడం, మీరు ఎళ్లిపోతాండారా?” లేదని అబద్ధం చెప్పాను. తర్వాత ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.

ఏదో ఒకటి తేలేదాకా ఇక రాయను.

సౌమ్య

ధర్మవరం,
నవంబరు 24

నా తల్లి సౌమ్యకు,

మంగళవారం నీకు చెప్పకుండా రైలెక్కి హిందూపురం వచ్చాను. నిన్ను వదలొద్దని మీ హెడ్‌మిస్ట్రెస్ ఎస్తేరు మేడంకు చెప్పిపోవాలనే వచ్చాను. ఆ మాట దాచను.

ఆమె నన్ను వరండాలో కూర్చోబెట్టింది. నీ క్లాసులో బోర్డు పక్కనున్న కిటికీ నాకు ఎదురుగానే ఉంది. నువ్వు చెప్పేది నాకు ఒక్క ముక్కా వినపడలేదు. పిల్లలు మాత్రం నీ చేతుల వెంటే కళ్లు తిప్పుతున్నారు. నాకు గర్వంగా అనిపించింది. అంతలో నువ్వు బోర్డువైపు తిరిగావు. వాళ్లకు నీ వీపు కనపడింది, నాకు నీ మొహం కనపడింది. షెడ్డులో నా మొహం ఎట్లుండేదో అట్లే ఉంది.

మేడం దగ్గరికి పోయి వేరే మాట అడిగాను. ఆమె ఓపిగ్గా కాగితం మీద రాసి చూపింది. సీట్లు మార్కులను బట్టే ఇస్తారట. ఒకరు పోతే ఇంకొకరికి ఆపరట. మన వీధికి వచ్చినాయన ఊరికే బెదిరించాడు. సంతకం పెట్టినవాళ్లే కారణం రాసిచ్చి అడిగితే బాండు రద్దు చేస్తారట. అక్కడే రాసిచ్చాను: “సంతకం నాది, బతుకు నా బిడ్డది.”

రద్దు చేసిన కాగితం నిన్న వచ్చింది. ఇందులో పెట్టాను. పెనుకొండకు పో తల్లీ. నీ మీద నాకేమీ కోపం లేదు.

మీ నాయన

హిందూపురం,
డిసెంబరు 2

ప్రియమైన నాయనకు,

ఆ కాగితం సంచిలో పెట్టుకుని శుక్రవారం పెనుకొండకు వెళ్లాను. చేరడానికే వెళ్లాను. ఫారాలు నింపుతూ, చేరే తేదీ దగ్గర ఆగిపోయాను. మార్చిలో పదో తరగతి పరీక్షలు. ఇప్పుడు నేను వెళ్లిపోతే ఈ పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్లు లేరు. ఏప్రిల్‌లో చేరతానని అడిగాను. “అంతవరకూ ఆగేదానికి కాదమ్మా” అని ఆఫీసరు మర్యాదగానే చెప్పాడు. ఫారాలు ఆయనకే ఇచ్చి తిరిగి వచ్చేశాను.

నన్ను తిట్టుకోకు. నువ్వు కిటికీలోంచి చూసింది నిజమే. ఈ పని నాకు జీవితాంతం సరిపడదు. ఏప్రిల్ ముప్పైన వెళ్లిపోతానని ఎస్తేరు మేడంకు నేనే రాసిచ్చాను. నా బతుకు కోసం నా చేత్తో పెట్టిన మొదటి సంతకం అది. వేరే కంపెనీలకు ఇప్పటినుంచే దరఖాస్తులు పంపుతున్నాను. యాడ దొరుకుతుందో, అసలు దొరుకుతుందో లేదో తెలియదు. తేదీ వేసేటప్పుడు మాత్రం రోజులు లెక్కపెట్టడం మానేశాను.

కుళ్ళాయమ్మకు ఈరోజు నిజం చెప్పాను. పరీక్షలయ్యేదాకా ఉంటాను, ఆ తర్వాత ఉండనని. ఆ పిల్ల పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది.

“అయితే ఇంగ ఆలస్యం వద్దు మేడం. ఈ లెక్క నాకు రాలేదు, మళ్లీ చెప్పండి.”

చెప్పాను నాయనా. రెండుసార్లు.

నీ బిడ్డ,
సౌమ్య