విప్పని కట్టు

కడప,
జూన్ 2

ప్రియమైన గిడ్డయ్య తాతకు,

ఫోన్ చేస్తే ఎత్తవు, అందుకే ఉత్తరం. నా వైద్యం కోసం మేము ఆలూరు విడిచి కర్నూలు పక్కనున్న కల్లూరుకు వెళ్లిపోయినప్పటి నుంచి నువ్వు ఎవరికీ ఎముకల కట్టు కట్టడం లేదట! మొన్న ఆలూరు వచ్చినప్పుడు అమ్మకు తెలిసింది. ఎవరి మీద అలిగావు? ఇక్కడ ఎముక క్యాన్సర్ మీద పరిశోధన చేసే చోట చేరాను. మొదటి జీతంతో నీకు పంచె కొన్నాను. బెట్టు చేయకుండా జవాబు రాయి.

నీ మనవరాలి లాంటి
సమీరా

ఆలూరు,
జూన్ 9

చిరంజీవి సమీరాకు దీవెనలు.

అలక కాదమ్మా, భయం. పదేండ్ల కిందట నీ మోకాలు వాచిందని మీ అమ్మ గుల్జార్ బీ తెస్తే, బెణికిందనుకొని ఆముదం రాసి ఎనిమిది దినాలు ఒత్తి కట్టినా. కర్నూలు డాక్టరు "ఇది ఎముక క్యాన్సర్. ఎవరు ఒత్తింది? ఊపిరితిత్తులకు పాకింది" అన్యాడంట. నీ కాలు తీసేసినారు. ఆ దినం నుంచి ఎవుర్నీ ముట్టలేదు. నువ్వు ఆ చదువే చదివినావు. నా చేతుల వల్లే పాకిందా? బుజ్జగించొద్దు, నిజం రాయి.

గిడ్డయ్య

కడప,
జూన్ 16

ప్రియమైన తాతా,

నిజమే రాస్తాను. అలాంటి వాపును ఒత్తకూడదు. అది తప్పే. దానివల్ల రవ్వంత కీడు కూడా జరగలేదని ఒట్టు వేయలేను. కానీ ఇదీ విను. కణం పైన గ్రాహకాలు ఉంటాయి, తలుపుల్లాంటివి. పెరగమనే కబురు తెచ్చే పదార్థాలు వాటిని తడతాయి. కొన్ని క్యాన్సర్ కణాలకు ఆ తలుపులు మరీ ఎక్కువ, కొన్నింటికి మూతే పడదు. పెరుగు, కదులు అనే కబురు ఆగక, అవి రక్తంలో పడి ఊపిరితిత్తులకు చేరతాయి. నా పాత స్కాను మా డాక్టరమ్మకు చూపించాను. ఊపిరితిత్తుల్లోని ఆ మచ్చలు ఎనిమిది రోజుల్లో పెరిగేవి కావంది. నేను నీ గడప తొక్కకముందే పాకింది తాతా.

తొమ్మిదో రోజు "దెబ్బ లేని వాపు, ఇది నా పని కాదు" అని బస్సెక్కించింది నువ్వే. నెలల తరబడి కట్టి ఉంటే ఆ మచ్చలు మందులకు లొంగేవి కావు, ఈ ఉత్తరం రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. ఈ బతుకు నువ్వు పెట్టిందే.

కట్టినవాడే విప్పి వేన్నీళ్లు పోయాలంటావు కదా. నీ కట్టు ఆసుపత్రిలో కత్తిరించేశారు. పెట్టుడు కాలు లోపల, మిగిలిన కాలికి రోజూ గుడ్డ చుట్టుకుంటాను. 28వ తేదీ ఆదివారం వస్తాను. దాన్ని నువ్వే విప్పాలి.

నీ
సమీరా

ఆలూరు,
జూన్ 23

చిరంజీవి సమీరాకు,

నీ జాబు మూడుసార్లు చదివినా. శానా ఏడ్చినా.

నిన్న పక్కింటి మహేశ్వరి కూతుర్ని తెచ్చింది. మోకాలు వాపు, దెబ్బ లేదు. చేతులు వెనక్కి పెట్టుకొనే చూసి, కర్నూలు బస్సెక్కించినా. సాయంత్రం మన ఊరి రంగస్వామి మణికట్టు విరుచుకొని వచ్చినాడు. ఎక్స్‌రే ఫోటో తీయించుకొని రమ్మని, ఈ పొద్దు కట్టినా. కట్టు బాగా కుదిరింది.

ఆదివారం పెందలాడే రా తల్లీ. పొయ్యి మీద నీళ్లు కాగుతాంటాయి.

మీ తాత
గిడ్డయ్య