మైదానంలో మీ ఆయన

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు చదవవని తెలిసినా రాస్తున్నాను. ఈ కోపం ఇంకెవరికీ చెప్పుకోలేను.

ఈ పొద్దున పాలకు పోతుంటే, మన వనపర్తి కాలేజీ మైదానంలో మీ ఆయన కొత్త బూట్లేసుకుని నడుస్తూ కనబడ్డాడు. ఆయనకూ కీళ్లవాతమట.

"డాక్టర్ రోజూ నడవమన్నడు సుజాతా. చదును నేల మీద మెల్లగ నడుస్తున్న. నొప్పి ఎక్కువైతే ఆగుతున్న. జర నయమైంది" అన్నాడు.

నీ మోకాళ్లు వాచినప్పుడు దవాఖానలో నీకూ ఇదే చెప్పారు. నువ్వు గడప దాటబోతే ఆయనే అడ్డుపడి మంచంలో కూర్చోబెట్టాడు. చివరికి నీ అంతట నువ్వు లేచి నిలబడలేకపోయావు.

"మరి అక్కనెందుకు నడవనియ్యలే?" అని అడిగాను.

"ఆడమనిషి గిట్ల మైదానంల తిరిగితే నలుగురు ఏమంటరు?" అన్నాడు, సిగ్గు లేకుండా.

నా ఒళ్లు మండిపోయింది. నాకూ ఈ మధ్య మోకాళ్లు పట్టేస్తున్నాయి అక్కా. పాలగిన్నె గట్టున పెట్టి, కొంగు నడుముకు చుట్టి మైదానంలోకి దిగాను.

"ఏమంటరో అననియ్యి బావా" అన్నాను.

తొందరపడకుండా, మోకాలు నొవ్వకుండా ఒక చుట్టు తిరిగాను. ఎదురుపడినప్పుడు ఆయన పక్కకు జరిగి నాకు దారిచ్చాడు.

నీకెన్నడూ ఇవ్వలేదు.

నీ చెల్లెలు