ఈసారి చెస్టర్‌కి చెయ్యెత్తను

ఫిబ్రవరి 3, ఉదయం

తీర్మానం! ఈసారి చెస్టర్‌కి చెయ్యెత్తను. ఇరవై ఏళ్ళుగా మా కౌంటీ పార్టీ కమిటీలో ఉన్నాను, ఇరవై ఏళ్ళుగా అతనికే ఎత్తుతున్నాను. రాష్ట్ర సభలో కూర్చుని మాకేం చేశాడయ్యా అంటే, పోయినేడు మా ఊరి అంబులెన్సు స్టేషను మూసేస్తుంటే గుడ్లప్పగించి చూశాడు. క్రిస్మస్‌కి మా చెల్లెలు ఐరీన్ గుండె పట్టుకుని వంటింట్లో పడిపోతే, పక్క ఊరి నుంచి బండి వచ్చేసరికి నలభై నిమిషాలు. బతికిందంటే దాని మొండితనమే.

ఐరీన్ కూతురు రెనాటా నర్సు. మా పార్టీ అభ్యర్థిని ఎంచే ప్రైమరీ ఎన్నికలో చెస్టర్ మీద నిలబడుతోంది. కమిటీ ఎవర్ని బలపరిస్తే వాళ్ళ పేరే పార్టీ చీటీ మీద ఇంటింటికీ వెళ్తుంది.

"పెద్దమ్మా, నీ చెయ్యొక్కటి నాకు పడితే చాలు," అంది.

"ఒక్కటేమిటే, రెండూ ఎత్తుతా!"

ఫిబ్రవరి 9

కమిటీ అధ్యక్షుడు వాల్ట్ ఫోను. "డాలీ, చెస్టర్‌ని ఎప్పటిలాగే నువ్వే బలపరుస్తావుగా? ఉన్నవాణ్ణి మనమే దించుకుంటే నవంబరు అసలు ఎన్నికల్లో అవతలి పార్టీవాళ్ళు పండగ చేసుకుంటారు."

"చూద్దాం," అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో! శభాష్ డోలోరెస్ అని నా వీపు నేనే తట్టుకున్నాను.

ఫిబ్రవరి 14

తలుపు తీయకూడదనుకున్నాను. తీశాను. చెస్టర్. చేతిలో డోనట్ల డబ్బా.

"డాలీ, ఎడమ మోకాలు ఎలా ఉంది?"

ఎడమది! నా కన్నకొడుకు కుడిది అడుగుతాడు. ఈ ఊళ్ళో ఎవరు పోయినా ఆ ఇంటికి ముందుగా హామ్, అదే వండిన పంది మాంసం, పట్టుకుని వచ్చేది చెస్టరే. మా ఆయన పోయినప్పుడు మంచులో నిలబడి వచ్చినవాళ్ళ కార్లన్నీ సర్దించాడు, పాపం.

అయినా అడిగేశాను. "అంబులెన్సు సంగతేంటి?"

"రాత్రింబవళ్ళు అదే ఆలోచిస్తున్నా డాలీ."

ఆలోచిస్తే బండి వస్తుందా అనబోయాను. ఈలోగా కాఫీ పొంగింది. తర్వాత కేకు కోశాను. కేకు పెడితే ఓటేసినట్టు కాదు.

ఫిబ్రవరి 20

రెనాటా మంచి పిల్లే. కానీ మరీ చిన్నపిల్ల (నలభై ఒకటి). బండి వెనక్కి తేవాలంటే పాతుకుపోయినవాడి వల్లే అవుతుంది కదా? ఐరీన్‌తో అదే అన్నాను.

"మూసేటప్పుడు ఆ వేళ్ళన్నీ ఎక్కడికి పోయాయే అక్కా?" అంది.

గుండెజబ్బు మనిషి అంతంత మాట్లాడకూడదు.

కొత్త తీర్మానం: ఎవరికీ ఎత్తను. తటస్థం!

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఫైర్ స్టేషను హాల్లో సమావేశం, ఈస్టరు ముందు ఉపవాసాల చేపల విందుతో కలిపి. ఉపాయం పన్నాను. ఓటింగు సమయానికి ఒక చేతిలో చేపల పళ్ళెం, ఇంకో చేతిలో క్యాబేజీ నూడుల్సు. ఇక ఎత్తమనండి చూద్దాం!

"చెస్టర్‌ని బలపరిచేది ఎవరు?" అన్నాడు వాల్ట్. అందరూ నావైపే తిరిగారు. ఎంతసేపని భరిస్తాను?

"నేను," అనేశాను.

చేతులు కట్టేసుకున్నాను గానీ నోరు వదిలేశాను! వాల్ట్ స్వయంగా వచ్చి, "ఇటివ్వు డాలీ, ఇబ్బంది పడుతున్నావు," అని పళ్ళెం అందుకున్నాడు. ఖాళీ అయిన చెయ్యి దానంతటదే లేచింది.

ఒక్క ఓటు తేడాతో కమిటీ మద్దతు చెస్టర్‌కే దక్కింది. గోడ పక్కన నిలబడ్డ రెనాటా కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మే 19, ప్రైమరీ

పరవాలేదు. తెర వెనక వేసే ఓటు ఎవరు చూస్తారు? రెనాటాకే!

మధ్యాహ్నం. పొద్దుటినుంచి పోలింగు కేంద్రం ముందు పార్టీ చీటీలు పంచుతున్నాను. కమిటీ మనిషిని, తప్పదు. వందమందికి చెస్టర్ పేరు చేతిలో పెట్టి లోపలికెళ్ళి నేనే ఇంకొకరికి వేస్తే అది పార్టీ ద్రోహం కాదూ? చెస్టర్‌కే వేశాను.

బయటికొస్తే వాన. రెనాటా తన గొడుగు నాకిచ్చింది. ఎవరికి వేశావని అడగలేదు. అడిగి ఉంటే హాయిగా అబద్ధమాడేదాన్ని.

మే 20

చెస్టరే గెలిచాడు. ఉండబట్టలేక రెనాటాకి ఫోన్ చేసి చెప్పేశాను.

"తెలుసు పెద్దమ్మా."

"కోపం లేదుటే?"

"బోలెడంత ఉంది. అయినా విను. నీకు గుండెలో ఏమాత్రం నొప్పొచ్చినా బండి కోసం చూడకు, ముందు నాకు ఫోన్ చెయ్యి. పరిగెత్తుకొస్తా. చెస్టర్ ఎలాగూ తర్వాత వస్తాడు, హామ్ పట్టుకుని."

ఫోను పెట్టేసి ఈ డైరీ తీశాను.

తీర్మానం! రెండేళ్ళకి రెనాటా మళ్ళీ నిలబడుతుందట. ఈసారి చెస్టర్‌కి చెయ్యెత్తను, నోరెత్తను, ఓటెయ్యను. ఒట్టు. రేపటి నుంచే.

ఇవాళ కుదరదు. సాయంత్రం అతని విజయోత్సవానికి కేకు తెస్తానని వాల్ట్‌కి మాటిచ్చేశాను.