పదిహేడో తారీఖు మూడు గీతలు

24 నవంబరు 1986, సోమవారం. సైదాబాద్.

రోజూ రాసి తెమ్మన్నారు డాక్టరు — మా ఆయన మూత్రం రంగు, జ్వరం, తిన్నది. అందుకే ఈ నోటుబుక్కు. ఎడమ పేజీ డాక్టరుకు చూపించేది. కుడి పేజీ ఎవరికీ కాదు.

ఉదయం ఎరుపు. సాయంత్రం కొంచెం తక్కువ ఎరుపు. జ్వరం లేదు. రెండు ఇడ్లీలు, సగం గ్లాసు పాలు.

కుడివైపు మూత్రపిండంలో గడ్డ. తీసెయ్యాలి. ఎల్లుండి బుధవారం ఆపరేషన్ బల్ల ఖాళీగా ఉంది, రండి అన్నారు.

ఆయన రానన్నారు.

25 నవంబరు

కారణం — టీవీ మీద మూడు గీతలు.

జహీర్ భాయ్ తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చిన కంప్యూటరు ఏడాదిన్నరగా మా ముందుగదిలో ఉంది. పలకంత ఉంటుంది. రబ్బరు మీటలు. టీవీకి తగిలించి టేప్ రికార్డర్లో క్యాసెట్ పెడితే ఐదు నిమిషాలు కీచుమని అరిచి ప్రోగ్రాం ఎక్కుతుంది. కరెంటు పోతే అంతా పోతుంది. మళ్ళీ కీచు.

సంతోష్‌నగర్‌లో టీవీలు బాగుచేసే జహీర్ భాయ్, విమానాల్లో ఎత్తు చూపే మీటర్లు ముప్ఫై ఏళ్ళు బాగుచేసి రిటైరైన ఈయన — ఇద్దరూ కూర్చుని ఒక ప్రోగ్రాం రాశారు. పుట్టిన తేదీ ఇస్తే బతికిన రోజులు లెక్కకడుతుంది. ఒంటికి ఇరవై మూడు రోజుల అల, మనసుకు ఇరవై ఎనిమిది, బుద్ధికి ముప్ఫై మూడు. మధ్యలో ఒక అడ్డగీత. అల దానికి పైనుంటే మంచిరోజు, కింద ఉంటే నీరసం. అడ్డగీతను దాటే రోజు గండం.

రేపు ఒంటి గీత దాటుతుందట. కనుక కత్తి కింద పడుకోరు. అక్టోబరులో కూడా ఇలాగే ఒక తేదీ వదిలేశారు.

నేను ఇరవై తొమ్మిదేళ్ళు ఆడపిల్లలకు లెక్కలు చెప్పాను. ఆయనకు అన్నం పెట్టాను.

26 నవంబరు

బల్ల ఇంకెవరికో ఇచ్చారు. ఎరుపు.

28 నవంబరు

ఎందుకు నమ్ముతారో తెలుసు. చిన్న మరిది కడుపునొప్పి ఆపరేషన్ బల్ల మీదే పోయాడు. కంప్యూటరు వచ్చిన వారంలోనే ఈయన వేసి చూసింది తమ్ముడు పోయిన ఆ రోజునే. ఒంటి గీత అడ్డగీత మీదే నిలబడి ఉంది. ఆ పూట అన్నం తినలేదు. 'ముందుగాల తెలిస్తే ఆపకపోదునా' అన్నారు, నాతో కాదు, గోడతో.

30 నవంబరు, ఆదివారం

ఎరుపు లేదు. గంజి, మజ్జిగ. కొంచెం ఓపిక వచ్చింది, విమానం దించే ఆట క్యాసెట్ పెట్టమన్నారు.

నల్లటి టీవీ మీద తెల్లటి గీతలు — అదే రన్‌వే. జీవితమంతా విమానాల మీటర్లు ఒళ్ళో పెట్టుకున్న మనిషి, ఒక్కసారీ విమానం ఎక్కలేదు. కింది వరస అంకెలు ఆయనకు ఆనవు. పక్కన కుర్చీ వేసుకుని నేను చదవాలి. ఎత్తు ఎనిమిది వందలు. ఆరు వందలు. వేగం తగ్గింది. నాలుగు వందలు. ఇది మా ఇద్దరికీ అలవాటైన పని, పెళ్ళైన కొత్తల్లో కూడా ఇంత దగ్గరగా కూర్చున్న గుర్తులేదు.

ఈ రోజు నేను అంకెలు చదువుతూ ఉంటే మీటలు వదిలేశారు. చేతులు ఒళ్ళో. నేల దగ్గరకొస్తోంది, నేను చదువుతూనే ఉన్నాను. కూలింది.

'అలసటైతుంది, టీచరమ్మా' అన్నారు.

1 డిసెంబరు

గూట్లో అట్టముక్కతో చేసిన పిరమిడ్ దులిపాను. దాని కింద పెడితే గడ్డం బ్లేడు పదును పోదని ఆయన వాదన. మూడు నెలలు లెక్క రాశాను — పిరమిడ్ కింది బ్లేడు ఆరు గడ్డాలు, కిటికీలో బ్లేడు ఆరు గడ్డాలు. కాగితం చూపిస్తే నవ్వి, పిరమిడ్‌లాగే కిటికీ కూడా ఉత్తరం దిక్కే కదా, అందుకే పనిచేసింది అన్నారు.

బ్లేడయితే నవ్వొచ్చు.

2 డిసెంబరు

వరండాలో నన్ను ఒక్కదాన్నే నిలబెట్టి డాక్టరు చెప్పారు. పదిహేడు, బుధవారం. అది తప్పితే జనవరి ఆఖరు. 'అప్పుడు నేను కోసినా లాభం ఉండకపోవచ్చమ్మా.'

అఫ్జల్‌గంజ్‌లో బస్సు ఎక్కి ఇంటికొచ్చేదాకా ఆయనకేం చెప్పాలో తెలియలేదు. తేదీ మాత్రం చెప్పాను. వెంటనే క్యాసెట్ పెట్టారు. ఐదు నిమిషాల కీచు. నేను వంటింట్లో నిలబడ్డాను, చేతిలో ఏం పట్టుకున్నానో కూడా తెలియదు.

పిలిచారు. 'ఇటు రా. పదిహేడు మస్తుగున్నది. మూడు గీతలు మీదికే.'

తర్వాత కాగితం నా ముందుకు తోశారు. మిషన్ ఎన్ని గీసినా నేను చేత్తో లెక్క వేసేదాకా నమ్మరు, మొదటినుంచీ అంతే. 1920 మార్చి తొమ్మిది నుంచి 1986 డిసెంబరు పదిహేడుకు — ఇరవై నాలుగు వేల మూడువందల ఎనభై తొమ్మిది రోజులు. శేషాలు: ఒంటికి తొమ్మిది, మనసుకు ఒకటి, బుద్ధికి రెండు. ఏదీ సగం అల దాటలేదు, మూడూ పైనే. సరిగ్గా ఉందన్నాను.

'అయితే వస్త' అన్నారు.

మొదటిసారి ఆ గీతలకు దణ్ణం పెట్టాలనిపించింది.

5 డిసెంబరు

ఎరుపు. నెత్తురు ముద్దలు కూడా. ఎడమ పేజీలో రాశాను.

8 డిసెంబరు, సోమవారం

ఆసుపత్రిలో చేర్చుకోవడానికి పాత కాగితాలు కావాలన్నారు. ట్రంకుపెట్టె తీశాను. అడుగున మామగారి సంచిలో ఆయన్ను బడిలో వేసినప్పటి చీటీ. ఉర్దూ. పుట్టిన తేదీ నిజాం కాలపు లెక్కలో ఉంది — ఫస్లీ 1330, అర్దీబిహిష్ట్ నెల.

చీటీ మడిచి రవికలో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పటికి నాకే తెలియదు.

9 డిసెంబరు

నాలుగు సార్లు వేశాను.

ఫస్లీ సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పుట్టినవాళ్ళకు 590 కలపాలి. జనవరి దాటి పుడితే 591. ఆయన్ను ఉద్యోగంలో చేర్చుకున్న గుమాస్తా రోజూ నెలా ఇంగ్లీషు లెక్కలోకి సరిగ్గానే దించాడు, మార్చి తొమ్మిది. సంవత్సరం దగ్గర మాత్రం అందరికీ కలిపినట్టే 590 కలిపేశాడు. 1920 కాదు. 1921.

ఆయన ఏడాది చిన్నవారు. ఏడాది ముందే రిటైరు చేశారు. అది పోనీ.

నలభై ఏళ్ళుగా ప్రతి ఫారంలోనూ ఆ తేదీ నింపింది నేను. కంప్యూటరు అడిగినప్పుడు చదివి చెప్పిందీ నేనే. ఫస్లీ సంవత్సరాలు వాడిన రోజుల్లో చదువుకున్నదాన్ని, ఒక్కసారైనా వెనక్కి వెళ్ళి చూడలేదు. తరగతిలో ఏ పిల్లయినా ఇలా చేస్తే బయట నిలబెట్టేదాన్ని.

మూడువందల అరవై ఐదు తీసెయ్యాలి. 24024.

ఇరవై ఎనిమిదితో భాగిస్తే శేషం లేదు, అంటే అల అడ్డగీత మీదే ఉంది. ముప్ఫై మూడుతో భాగిస్తే శేషం లేదు. ఇరవై మూడుతో పన్నెండు — ఒంటి గీత కూడా సరిగ్గా అప్పుడే కిందికి దాటుతోంది.

మూడు గీతలూ ఒకే రోజు. పదిహేడున.

ఎప్పుడో ఒక రోజు ఎవరికో ఒకరికి ఇలా పడక తప్పదని నాకు తెలుసు. తెలిసీ ఆ సున్నాలు చూశాక కాగితం బోర్లించాను.

10 డిసెంబరు

నవంబరు ఇరవై ఆరు కూడా వేశాను. వెయ్యకుండా ఉండాల్సింది. అసలు తేదీతో ఆ రోజు ఏ గీతా దాటడం లేదు. ఏ గండమూ లేని రోజు వదిలేసి మూడు వారాలు గడ్డను పెరగనిచ్చాం.

మరిదికీ అదే ఆఫీసులో ఉద్యోగం, అతని తేదీ కూడా ఆ గుమాస్తా దించిందే. అది వెయ్యను.

11 డిసెంబరు

కరెంటాఫీసు నుంచి మా అమ్మాయి విమల నేరుగా వచ్చింది. కాగితం చూపించాను. ఒక్కరికైనా చెప్పకుండా ఉండలేకపోయాను. విమల ముందు నవ్వింది. నా ముఖం చూసి ఆపింది.

'అమ్మా, నువ్వు నమ్ముతున్నవా గీ గీతలు?'

నమ్మనన్నాను.

'మరేంది లొల్లి? చింపెయ్. బాపుకు తెలిస్తే దవాఖాన మెట్ల మీదికెల్లి వాపస్ వస్తడు.'

దానికి ఎలా చెప్పను. ఆయన గీతలను నమ్మి వస్తున్నారు సరే. నేను లెక్క చూశానని వస్తున్నారు. ఆయన ఒళ్ళు, ఆయన భయం. అబద్ధపు అంకె మీద ఆయన్ను పడుకోబెట్టే హక్కు నాకెవరిచ్చారు? చెబితే జనవరి ఆఖరు. జనవరి ఆఖరు అంటే ఏమిటో డాక్టరు నాకే చెప్పారు, ఆయనకు కాదు. అది కూడా దాచిందాన్నే కదా.

చిన్నప్పుడు విమల జవాబు ముందు రాసుకుని దానికి తగ్గట్టు లెక్క వేస్తే పలక లాక్కున్నాను. దానికి గుర్తుందో లేదో.

కాగితం చింపలేదు.

13 డిసెంబరు, శనివారం

జహీర్ భాయ్ వచ్చాడు. దారానికి కట్టిన ఇత్తడి గుండు ఆయన కడుపు మీద వేలాడదీసి చూశాడు. దాంతోనే బోరింగులకు నీళ్ళు ఎక్కడున్నాయో కూడా చెబుతాడు. గుండు కుడివైపు తిరిగింది, అది మంచి శకునమని ఇద్దరికీ సంతోషం. ఈయన పెళ్ళికి వెళ్ళేవాడిలా ఉన్నారు. గడ్డం గీసుకున్నారు.

జహీర్ భాయ్‌కి చెబితే ఏదో ఒక దారి చెబుతాడేమో, తేదీని అటూ ఇటూ జరిపే ఉపాయం. గేటు దాకా వెళ్ళాను. నోరు తెరిచేలోపు అతనే అన్నాడు — 'ఫికర్ నక్కో, టీచరమ్మా. మిషన్ అయితే తప్పు చెప్తదేమో గని, మీ లెక్క తప్పదు.'

టీ తాగి వెళ్ళమన్నాను. తాగి వెళ్ళాడు.

15 డిసెంబరు

చేర్చుకున్నారు. కిటికీ పక్క మంచం. ఎరుపు.

16 డిసెంబరు, మంగళవారం. వార్డులో. సాయంత్రం అయిదు.

రేపు పొద్దున ఎనిమిదిన్నరకు. మొదటి పేరు ఆయనదే.

మధ్యాహ్నం జావ తాగి, గ్లాసు నా చేతికిచ్చారు. తర్వాత అడిగారు. అడుగుతారని తెలుసు. వారం నుంచి ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాను.

'టీచరమ్మా, లెక్క మల్లొక్కసారి చూసినవా?'

'చూసిన.'

'సరిగ్గనే ఉన్నదా?'

'భాగహారం సరిగ్గనే ఉన్నది' అన్నాను.

భాగహారం అన్నాను. తేదీ అనలేదు. ఇంత చిన్న సందులోంచి దూరడం నాకు ఎప్పుడు వచ్చిందో.

'అయితే సరే' అని నా చెయ్యి మీద చెయ్యి వేశారు. వార్డులో అందరూ చూస్తున్నారు, తియ్యలేదు. 'నాకు భయమైతలేదు. నువ్వు చూసినవు గద.' అలాగే నిద్రపోయారు. ఊపిరి సమంగా ఉంది. నిమిషానికి పద్దెనిమిది.

నర్సు ఒప్పుకోలు ఫారం ఇచ్చి వెళ్ళింది. పేరు, తండ్రి పేరు, ఊరు నింపాను. పుట్టిన తేదీ గడిలో రోజూ నెలా రాశాను. సంవత్సరం దగ్గర పెన్ను ఆగింది. తెలియక నలభై ఏళ్ళు తప్పు రాశాను. తెలిసి ఇంతవరకు ఒక్క అంకె కూడా తప్పు రాయలేదు.

జరగాల్సినవి:

1. రాత్రి తొమ్మిది దాటాక మంచినీళ్ళు కూడా ఇవ్వకూడదు. అడుగుతారు. ఇవ్వకూడదు.

2. విమల ఆరింటికల్లా రావాలి. నెత్తురు ఇచ్చే ఇద్దరినీ వెంట తేవాలి.

3. ఆపరేషన్ అయ్యేదాకా జహీర్ భాయ్ నా ఎదురుగా కూర్చోకుండా చూడాలి.

4. ఏడింటిలోపు ఫారంలో సంవత్సరం నింపాలి. ఆయన సంతకం పెట్టే ముందు ప్రతి గడీ చదువుతారు, అంకెలు ఆనకపోతే నన్నే చదవమంటారు.

5. ఆయన కళ్ళు తెరిచి, మాట పట్టుకునేంత తెలివి వచ్చాక, ఏడాది తప్పని చెప్పాలి. గుమాస్తా సంగతి ఎత్తకూడదు. లెక్క చూసింది నేను.