నలభై ఒకటో ప్రత్యయం

ప్రియమైన బావమరిదికి,

‘ప్రియమైన’ అన్నది అలవాటు మీద పడింది. కొట్టేస్తే కాగితం పాడవుతుందని వదిలేశాను.

నిన్న నీ పుస్తకం ప్రూఫులు అచ్చాఫీసు నుంచి నా ఇంటికొచ్చాయి. పైన అంటించిన చీటీ మీద నీ పేరుంది, మొదటి ఎనిమిది పేజీలు లేవు. పొరపాటున వచ్చాయో, నా ఏడుపు చూద్దామని నువ్వే పంపించావో!

చదువుకునే రోజుల్లో, ఇంగ్లీషు కథల్లో తప్ప ఎక్కడా లేని ఎల్ఫులనే వనదేవతలకు మనిద్దరం ఒక భాష కట్టడం మొదలుపెట్టాం. రెండేళ్ళకే నువ్వు ఉద్యోగమంటూ జారుకున్నావు. నలభై ఏళ్ళు నేనొక్కణ్ణే మోశాను. ‘సూర’ అంటే పాట. చివర ‘వెన్’ చేరిస్తే పాటగాడు, ‘తిమ్’ చేరిస్తే కూనిరాగం. అలాంటి ప్రత్యయాలు నలభై, చీటీకొకటి చొప్పున, నా బీరువాలో చెప్పుల పెట్టెలో ఉన్నాయి. ఆరేళ్ళ కిందట “ఇక అచ్చు వేద్దాం బావా” అన్నావు. నా భాష నీ పేరున కాజేస్తావని అప్పుడే అనుమానమొచ్చి నీతో మాట మానేశాను. నలభై ఒకటో చీటీ రాసి పెట్టెలో పడేశాను: ‘ఓష్’, అంటే వాడిపోయినది. గడ్డం గీసుకుంటూ పుట్టించిన అబద్ధం, దొంగను పట్టే ఎర.

నీ ప్రూఫుల్లో ముప్ఫైమూడో పేజీలో ‘ఓష్’ ఉంది. ఇంకేం బుకాయిస్తావు? మీ అక్కను నిలదీస్తే, “చెప్పుల పెట్టెలో చెప్పులుంటాయనుకున్నా, నాకేం తెలుసు?” అంది. నవ్వు ఆపుకుంటోందని కూడా అనుమానం.

సోమవారం వకీలును కలుస్తున్నాను.

ఇక నీకేమీ కాని,
మీ బావ

బావమరిదీ,

నీ కవరు అందింది. ఒక్క ముక్క రాయకుండా రెండు కాగితాలు పెట్టావు. పొగరు తగ్గలేదు.

ఒకటి పుస్తకం మొదటి పేజీ. రచయితగా నా పేరొక్కటే ఉంది. తిప్పి చూశాను, వెలుతురుకు పట్టి చూశాను. నీ పేరు ఎక్కడా లేదు.

రెండోది ‘ఓష్’ చీటీకి నకలు, మీ అక్క చేతిరాత. నేను మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా కూర్చుని పెట్టెంతా ఎత్తి రాసి నీకు పంపిందన్నమాట. అంచున పెన్సిలుతో నీకు ఇలా రాసింది: “తమ్ముడూ, ఇది మీ బావ నీకు వేసిన ఉచ్చు. మిగతా చీటీల కంటే దీని సిరా కొత్తది. అయినా తీసేయకు. మొదటి పేజీలు ఆపి మిగతావి ఇంటికి పంపించు. తిట్టడానికైనా నీకు ఉత్తరం రాస్తారు.”

ఆరేళ్ళలో నేను నీకు రాసిన మొదటి ఉత్తరం అదే.

వకీలు సంగతి వదిలెయ్. ‘ఓష్’ కొట్టేయించు, నా పేరు మీద అచ్చయితే సిగ్గుచేటు. ‘వెన్’, ‘తిమ్’తో కలిపి ఏడు ప్రత్యయాలు నువ్వు కట్టినవని చీటీల మీద నేనే రాసుకున్నాను. కాబట్టి మొదటి పేజీలో నీ పేరు లేకపోతే ఒప్పుకోను. ఇది ప్రేమ అనుకోకు.

ఆదివారం రా, ప్రూఫులు కలిసి చూద్దాం. వంటింట్లో మీ అక్క కూనిరాగం తీస్తోంది. ఇంకేం పన్నుతోందో కనిపెట్టాలి.

మీ బావ